అద్దె ఎవరు కడుతున్నారమ్మా?

అమ్మాయ్,

నీ స్క్రిప్టు శనివారం రాత్రి ఒకసారి, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. చిత్తూరు కుర్రాడు పారిస్‌లో బొమ్మలు వేసుకుంటూ నానా తిప్పలు పడటం, కింది అంతస్తు ఫ్రెంచి పిల్లతో ప్రేమ, మీ నలుగురు స్నేహితులు చందాలేసుకుని తీసే సినిమా. నచ్చింది. నచ్చింది కాబట్టే తిట్లు కూడా ఉంటాయి.

నలభై పేజీలు దాటినా వాడు అద్దె ఎలా కడుతున్నాడో తెలియలేదు. చివరిదాకా తెలియలేదనుకో. ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట లండన్‌లో జరిగే కథకు మాటలు రాశాను. హీరోకు ఉద్యోగం లేదు, కోట్లు మాత్రం సీనుకొకటి. విడుదల రోజు నా వెనక సీట్లో ఒకాయన "ఈడి ఇంటద్దె ఎవడు కడతన్నాడ్రా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నా జోకులు ఒక్కదానికీ అంత నవ్వు రాలేదు.

నువ్వు లేమిని జాలి కోసం వాడావు. ఖాళీ పర్సు క్లోజప్‌లో చూపించావు. దాన్ని లెక్కల్లోకి దించు, కామెడీ అదే వస్తుంది. మోన్‌మార్త్ గుట్ట మీద ప్లాస్ ద్యు తెర్త్ర్ అని చిన్న చౌక్ ఉంది. అక్కడ కూర్చుని టూరిస్టుల బొమ్మలు గీయాలంటే నగరపాలక సంస్థ పర్మిట్ కావాలి. ఒక్కో చోటు చదరపు మీటరు, దాన్నీ ఇద్దరు ఆర్టిస్టులు పంచుకోవాలి. నీ హీరోను పర్మిట్ లేకుండా అట్ట పట్టించి టూరిస్టుల వెంట తిప్పు. పోలీసు కనబడగానే వాడే టూరిస్టయిపోవాలి. ఆ చదరపు మీటరులో సగం ఆ పిల్లదే అనుకో, ఇక ఇద్దరూ గుద్దుకుని కాగితాలు ఎగిరిపోయే సీనుతో నీకు పనేముంది?

వాడిది స్టూడెంట్ వీసా అన్నావు. ఫ్రాన్సులో దాని మీద ఏడాదికి 964 గంటలే పని చేయొచ్చు. హోటల్లో గిన్నెలు కడిగేవాడు ఆ పిల్లను భోజనానికి తీసుకెళ్తే, మెనూలో ధరలు వాడికి గంటల్లో కనిపించాలి. డెజర్టు దగ్గర చెమట పట్టాలి. ఇక గది. పై అంతస్తులో పాతకాలం పనివాళ్లుండే గదుల్లో ఒకటి, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. నువ్వందులో ఆరుగురు డాన్సర్లతో పాట పెట్టావు!

ఈఫిల్ టవర్ రాత్రి షాట్ కొట్టేయ్. పగలైతే గొడవ లేదు కానీ రాత్రి దీపాలకు కాపీరైట్ ఉంది, అనుమతి తీసుకోవాలి. మీ డబ్బుకు ఆ టెన్షన్ దేనికి?

ఇంకో మాట. సినిమా అంతా వెతికినా వాడు బొమ్మ వేయడం కనపడలేదు. వేసింది చూపిస్తాడు, ఆ పిల్ల "వావ్" అంటుంది, అంతే. మీ చిత్తూరు వైపు పల్లెలోనే 1925లో పుట్టిన కళాకారుడు కృష్ణారెడ్డి గారు పారిస్ వెళ్లి అతేలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేశారు. ఒకే లోహపు పలక మీద చిక్కదనంలో తేడా ఉన్న రంగులను, ఒకటి పూసిన చోట ఇంకొకటి అంటుకోకుండా పూసి, ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ఆయనొకరు. నూనె కాస్త ఎక్కువైందా, మొత్తం పాడు. అలాంటి పనేదైనా నీ హీరో చేతికివ్వు. వాళ్ల పెద్ద గొడవ వాడు పలక తుడుస్తుండగా జరగనీ. ఆమె తలుపు విసిరేసి వెళ్లిపోతున్నా రంగు ఆరిపోతుందని వాడు లేవలేకపోవాలి.

చివరిగా మాటలు. ఫ్రెంచిలో కూడా మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి. వాళ్లు 'త్యు', 'వూ' అంటారు. నీ పిల్ల మొదటి సీను నుంచే 'నువ్వు' అంటోంది, అంత మంచి సరుకు చేతులారా పారబోశావు. వాడు ముందు ఇంటి ఓనరమ్మను 'త్యు' అని చీవాట్లు తినాలి. ఆ భయంతో ఆ పిల్లనే కాదు, ఆమె కుక్కను కూడా 'మీరు' అనాలి. "ఇక 'మీరు' మానెయ్" అని ఆమె ఏ సీనులో అంటుందో తేల్చుకుని ఫోన్ చెయ్. మధ్యాహ్నం మాత్రం చేయకు, పడుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పాత మాటల రచయిత