బెంగళూరులో డబ్బు మంజూరైనా ప్రభుత్వ పనులు ఎందుకు ఆగుతాయి?

ప్లాన్ ఉంది, నిధులున్నాయి, అయినా పని కదలదేం అని ఒకరు అడిగారు. చాలాసార్లు కారణం బద్ధకం కాదు, దాటాల్సిన నిబంధనలు. కర్ణాటకలో కాంట్రాక్టులు సాధారణంగా 1999 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల పారదర్శకత చట్టం ప్రకారమే ఇవ్వాలి. టెండరు ప్రకటన, గడువు, పరిశీలన, అవసరమైతే అప్పీలు, ఇవన్నీ అయ్యాకే వర్క్ ఆర్డర్. ఈ ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. మన డబ్బుకు అదే కాపలా.

అసలు చిక్కు నియమం మధ్యలో మారినప్పుడు వస్తుంది. చెరువుల చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా, అంటే బఫర్, సంగతే చూడండి. బెంగళూరు నగర ప్రణాళిక ‘మాస్టర్ ప్లాన్ 2015’లో అది 30 మీటర్లు. 2016 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 75 మీటర్లు చేసింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది. ఇలా గీత జరుగుతుంటే కట్టడాలకు ప్లాన్ అప్రూవల్ ఇచ్చే అధికారి ఏం చేస్తాడు? సంతకం పెడితే రేపు తనే జవాబు చెప్పుకోవాలి. అందుకని ఫైలు పై అధికారికి, అక్కడినుంచి న్యాయ సలహాకు పంపిస్తాడు. పెద్ద చెరువులున్న వర్తూరు, బెళ్లందూరు వైపు ఫ్లాట్ చూస్తున్న మన తెలుగువాళ్లు అప్రూవల్ ఏ తేదీదో, అప్పటి బఫర్ ఎంతో తప్పక అడగండి.

నియమాలు తక్కువుండాలని నేను అనను. మార్చేటప్పుడు పాత అనుమతుల సంగతేమిటో అదే ఉత్తర్వులో స్పష్టంగా రాయాలి.