చందమామని కొరికేది భూమి నీడ కాదు తల్లీ

ప్రశ్న: సార్, నేను ఆరో తరగతి. చంద్రుడు రోజూ తగ్గడానికి కారణం భూమి నీడ అని నేను రాశాను, మా అక్క చూసి తప్పు అంటోంది. నీడ కాకపోతే మిగతా ముక్క ఎటు పోతుంది? ఇంకో డౌట్, మొన్న పొద్దున స్కూల్ బస్ కోసం నిలబడితే ఆకాశంలో సగం చంద్రుడు కనిపించాడు. పగలు ఎందుకు ఉన్నాడు?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: మీ అక్క చెప్పిందే కరెక్ట్ తల్లీ. కానీ నువ్వు రాసిన జవాబు చాలామంది పెద్దవాళ్ళు కూడా చెప్తారు, నేను కూడా కాలేజీకి వచ్చేదాకా అదే అనుకున్నాను, ఎవరూ సరిచెయ్యలేదు. అందుకే నీ ఉత్తరం చూడగానే ముందు దీనికే జవాబు రాయాలనిపించింది.

అసలు నీ రెండో డౌట్‌లోనే మొదటిదానికి జవాబు ఉంది చూడు. బస్ కోసం నిలబడ్డప్పుడు సూర్యుడు తూర్పున ఉన్నాడు కదా, నీ నీడ ఎటు పడింది? పడమర వైపు. భూమి నీడ కూడా అంతే, ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు వైపే పడుతుంది. మరి ఆ సగం చంద్రుడేమో నీ నడినెత్తి దగ్గర్లో ఉండి ఉంటాడు, ఆ నీడకి చాలా దూరంగా. అక్కడికి భూమి నీడ వెళ్ళడానికి దారే లేదు, అయినా చంద్రుడు సగమే ఉన్నాడు అంటే తగ్గించింది నీడ కాదనేగా!

ఏ ముక్కా ఎక్కడికీ పోదు. చంద్రుడు గుండ్రటి బంతి, సొంత వెలుగు లేదు, సూర్యుడి ఎండ ఏ వైపు పడితే ఆ సగం వెలుగుతుంది, మిగతా సగం చీకటి. గ్రహణం టైమ్ తప్పిస్తే ఎప్పుడు చూసినా సగం వెలుగు సగం చీకటే, అమావాస్య నాడు కూడా! కాకపోతే అతను మన చుట్టూ తిరుగుతున్నాడు కాబట్టి ఆ వెలిగే సగంలో మనకి ఎంత కనిపిస్తుంది అనేదే రోజూ మారుతుంది. అమావాస్యకి సూర్యుడి వైపు ఉంటాడు, వెలిగే సగం అవతలికి తిరిగి ఉంటుంది, మనకి వీపు కనిపిస్తున్నట్టు. పున్నమికి సూర్యుడికి ఎదురుగా వస్తాడు, వెలిగే సగం అంతా మనకే.

నా మాట నమ్మక్కర్లేదు, చేసి చూడు. పున్నమి వెళ్ళాక ఆరేడు రోజులకి, అంటే బహుళ షష్ఠి సప్తమి అలా, పొద్దున ఏడింటికి ఒక నిమ్మకాయ పట్టుకుని డాబా మీదకి వెళ్ళు. చంద్రుడు పడమర వైపు పైన తెల్లగా ఉంటాడు. చెయ్యి బారుగా చాపి నిమ్మకాయని చంద్రుడి పక్కనే కనిపించేలా పట్టుకో, దాని మీద ఎండ పడాలి, అది ముఖ్యం. ఇప్పుడు ఒక కన్ను మూసి చూడు. నిమ్మకాయ ఏ వైపు వెలుగుతోందో చంద్రుడూ అదే వైపు వెలుగుతుంటాడు, వెలుగుకీ చీకటికీ మధ్య గీత ఏ వాలులో ఉందో అక్కడా అదే వాలు. మా మేనల్లుడికి చూపిస్తే నిమ్మకాయ ఎంతకీ కిందికి దించలేదు, వాడి ముఖం నాకింకా గుర్తుంది. పక్కన పెట్టుకుని చూస్తే అర్థమయ్యేది నోట్స్ రాసుకుంటే రాదు.

మరి భూమి నీడ ఎప్పుడూ పడదా అంటే పడుతుంది, అదే చంద్రగ్రహణం. పున్నమి నాడే వస్తుంది, ఎందుకంటే అప్పుడే చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి మన దగ్గర బాగా కనిపించింది, రాత్రి దాదాపు 10 గంటలకి నీడ కొరకడం మొదలై మూడున్నర గంటల్లో మొత్తం అయిపోయింది. నీడ పని గంటల్లో అయిపోతుంది, చంద్రకళలు మారడానికి రోజులు పడుతుంది, తేడా అక్కడే తెలిసిపోతుంది. ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదంటే చంద్రుడు తిరిగే దారి సుమారు 5 డిగ్రీలు వాలుగా ఉంటుంది, చాలాసార్లు నీడకి పైనుంచో కిందనుంచో తప్పుకుని వెళ్ళిపోతాడు.

ఇక పగలు ఎందుకు కనిపించాడు అనేది. చంద్రుడు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పున్నమి నాడు సూర్యుడు దిగుతుంటే తను పైకి వస్తాడు. అట్ల తద్ది ఆశ్వయుజ బహుళ తదియ కదా, పున్నమి వెళ్ళి మూడో రోజు, అందుకే ఉపవాసం ఉన్న ఆడపిల్లలు చీకటి పడ్డాక ఇంకాసేపు ఎదురుచూడాల్సి వస్తుంది. సంకటహర చతుర్థికి ఇంకా లేటు, మీ ఇంట్లో ఎవరైనా చేస్తుంటే అడుగు, చంద్రుడు ఎప్పుడొస్తాడా అని తొమ్మిదింటి దాకా బయటికి వచ్చి చూస్తుంటారు. బహుళ అష్టమికి వచ్చేసరికి అర్ధరాత్రి ఉదయిస్తాడు, మరి అంత లేటుగా వచ్చినవాడు దిగేసరికి మధ్యాహ్నం అవ్వాలి కదా, నువ్వు బస్ స్టాప్‌లో చూసింది ఆయన్నే.

ఇంట్లో గోడకి క్యాలెండర్ ఉంటే తిథి చూడు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య 12 డిగ్రీల దూరం పెరిగితే ఒక తిథి, 30 తిథులకి 360 డిగ్రీలు, ఒక చుట్టు. అమావాస్య నుంచి అమావాస్యకి సుమారు 29.5 రోజులు. పాడ్యమి, విదియ, తదియ అని పెద్దవాళ్ళు చెప్పేవి నిజానికి కోణాలు! లెక్కల పీరియడ్‌లో ఇది చెప్తే ఎంత బావుంటుందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంకొక్కటి చెప్తాను, నీకు నచ్చుతుంది. శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న దిగింది, ఆ రోజు శుక్ల సప్తమి. చంద్రుడి మీద ఒక పగలు మనకి దాదాపు 14 రోజులు. ల్యాండర్‌కి కరెంటు ఎండ నుంచే రావాలి కాబట్టి సరిగ్గా అక్కడ తెల్లవారే టైమ్ చూసి దించారు. మనకి చంద్రుడి మీద వెలుగు చీకటి కలిసే గీత కనిపిస్తుంది చూడు, పెరిగే రోజుల్లో ఆ గీత మీద ఉన్నవాళ్ళకి అప్పుడే సూర్యోదయం అన్నమాట.

ప్రశ్న: మేము మెల్‌బోర్న్‌లో ఉంటాం. వీడియో కాల్‌లో విజయవాడ నుంచి మా నాన్నగారు అష్టమి చంద్రుణ్ణి చూపిస్తే, ఇక్కడ వెలుగు ఎడమ వైపు ఉంటే అక్కడ కుడి వైపు ఎందుకుంది అని మా ఎనిమిదేళ్ళ బాబు అడిగాడు. ఫోన్ కెమెరా తిప్పేసింది అని చెప్పాను, కరెక్టేనా?
– ఒక తండ్రి

జవాబు: కెమెరా తప్పేం లేదండీ, బాబు చాలా బాగా గమనించాడు. చంద్రుడు ఒక్కడే, రెండు చోట్లా వెలిగేది పడమర వైపే, సూర్యుడు దిగింది అటే కాబట్టి. మెల్‌బోర్న్‌లో చంద్రుడి కోసం ఉత్తరం వైపు తిరగాలి, అప్పుడు పడమర ఎడమ చేతి వైపు వస్తుంది. విజయవాడలో తాతగారు దక్షిణం తిరిగి చూస్తే పడమర కుడి చేతి వైపు వస్తుంది. మరోలా చెప్పాలంటే తాతామనవళ్ళు గుండ్రటి భూమి మీద వేరే వేరే చోట్ల నిలబడ్డారు కాబట్టి ఒకరితో పోలిస్తే ఒకరు బాగా వాలిపోయి ఉన్నారు. వచ్చే శుక్ల అష్టమి నాడు బాబుని చంద్రుడికి వీపు పెట్టి, వంగి కాళ్ళ మధ్యలోంచి చూడమనండి. తాతయ్య చూపించిన చందమామ అక్కడే కనిపిస్తాడు.