విజయవాడలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దలను చూసుకునే చిన్న హోమ్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

పొద్దున పదకొండింటికి వెళ్తే ఏ హోమైనా బాగానే కనిపిస్తుంది. సాయంత్రం 5, 7 మధ్య చెప్పకుండా వెళ్లండి. కంగారు, 'ఇంటికి పోతా' అనే పోరు చాలామందిలో ఎక్కువయ్యేది అప్పుడే. ఆయా పక్కన కూర్చుని మాట కలుపుతోందా, గదికి గడియ పెడుతోందా చూడండి.

భోజనం వేళ తప్పకుండా ఉండండి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్ద పెట్టాలి, మింగాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. బరువు రిజిస్టర్ అడగండి. నెలలో 5 శాతం తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. బెజవాడ ఎండల్లో దాహమని వీళ్లు నోరు తెరిచి అడగరు, గ్లాసు చేతికి అందించాలి.

పగలంతా మత్తుగా ఉంటే మందుల చీటీ చూడండి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటి మానసిక రోగాల మందులు ఆయాల పని తేలికవడానికి వాడేవి కావు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో పక్షవాతం, మరణం ముప్పు పెంచుతాయి. ఎవరు రాశారు, ఎప్పుడు ఆపుతారు అని నిలదీయండి.

మంచం పట్టినవాళ్లను 2 గంటలకోసారి ఒత్తిగిలించాలి. నడుము కింద, మడమల దగ్గర చర్మం మీద పుండ్లు పడ్డాయేమో మీరే చూడండి. రాత్రి ఎందరు మేల్కొని ఉంటారో కూడా అడగండి. చీకట్లో బాత్రూముకని లేచి పడిపోయేవాళ్లు చాలామంది.