పన్నెండో మనిషి కోసం ఆగే పడవ

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం, దానితో పంపిన కథ రెండూ చదివాను. సింగపూర్ వచ్చి ఎనిమిది నెలలైనా ఆఫీసూ గదీ తప్ప ఏమీ చూడలేదని, బాలీకో బ్యాంకాక్‌కో వెళ్దామంటే ఇంటికి పంపాల్సిన డబ్బు గుర్తొస్తుందని, అందుకే రాయడానికి ఏమీ దొరకడం లేదని రాశావు. నీ బెంగ నాకు తెలుసు. కొత్తలో మా ఇంట్లోనూ నెలాఖరు లెక్కలు అలాగే ఉండేవి. కానీ నీ చివరి మాట మాత్రం ఒప్పుకోను. డబ్బు పోసి వెళ్లిన చోట అన్నీ అమర్చిపెట్టి ఉంటాయి. చవగ్గా తిరిగేవాడు అడుగడుగునా ఆగాలి. నాకు కథలు దొరికింది అలా ఆగినప్పుడే.

ఈ శనివారం పులావ్ ఉబిన్ దీవికి వెళ్లు. తానా మెరా స్టేషన్ దగ్గర 2వ నంబరు బస్సెక్కి చాంగీ విలేజ్‌లో దిగితే పక్కనే జెట్టీ. అక్కడ పడవకు టైమంటూ ఉండదు. పన్నెండు మంది పోగైతే కదులుతుంది. మనిషికి నాలుగు డాలర్లు, నోట్లు దగ్గర పెట్టుకో. తొందరున్నవాళ్లు తక్కువైన మనుషుల డబ్బులు కూడా తామే వేసుకుని బయల్దేరిపోతారు. నువ్వు ఆ పని చెయ్యకు. కూర్చో. ఒకసారి నేను అలా ముప్పావుగంట కూర్చున్నాను. పక్కన బియ్యం సంచితో ఒక మలయ్ పెద్దావిడ. ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. దీవిలో తమ ఇంట్లో ఇప్పటికీ బావి నీళ్లే అని చెప్పడానికి రెండు చేతులతో చేద తోడినట్టు చూపించింది. మా అమ్మమ్మ కూడా సరిగ్గా అలాగే తోడేది. నేను ఇష్టపడి దాచుకున్న మొదటి కథ ఆ చేతులతోనే మొదలైంది.

దీవిలో సైకిలు అద్దెకు తీసుకో, ఓపికుంటే నడువు. 1851లో కట్టడం పూర్తయిన హార్స్‌బర్గ్ లైట్‌హౌస్‌కి రాయి ఈ దీవి నుంచే వెళ్లింది. గ్రానైట్ తవ్విన గోతులు ఇప్పుడు నీళ్లు నిండి చెరువుల్లా ఉన్నాయి. తూర్పు కొసన చెక్ జావా అనే బురదనేల ఉంది, ఆటు వేళ నీళ్లు తీసి బయటపడుతుంది. దాన్ని పూడ్చి నేల చెయ్యాలనుకున్నప్పుడు మామూలు జనం ఆటు వేళ బురదలోకి దిగి, అక్కడ బతికే జీవాలను చూసి, వాటి గురించి రాసి విన్నపాలు పంపారు. 2001 డిసెంబరులో ఆ పని వాయిదా పడింది. రాసేవాడివి కాబట్టి నీకిది ప్రత్యేకంగా చెబుతున్నాను.

అక్కడి చెక్కబాట మీద నిలబడితే మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి పొడుచుకుని కనిపిస్తాయి. కాకినాడవాడివి, కోరింగ గుర్తొస్తుంది. రానీ. కానీ ‘అచ్చం మన కోరింగలా ఉంది’ అని రాసి పెన్ను మూసెయ్యకు. అక్కడ లేనిది ఇక్కడ ఏముందో వెతుకు. ఎదురుగా సెకుడు అనే చిన్న దీవి ఉంటుంది. కప్ప, పంది, ఏనుగు కలిసి మలేషియాలోని జొహోర్ ఒడ్డుకు ఈదాలని పందెం వేసుకుని, చేరలేక రాళ్లయిపోయాయని, ఆ కప్పే సెకుడు అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఈ కథ నీకు కోరింగలో దొరకదు.

ఇప్పుడు నీ కథ సంగతి. చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్ గురించి ‘హాకర్ సెంటర్ సందడిగా ఉంది’ అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యి. అది ఏ ఊరి హోటల్‌కైనా సరిపోతుంది. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకోవడం చూశావు కదా, దాన్ని ‘చోప్’ అంటారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు పట్టిన మనకు ఆ పని కొత్తేం కాదు. చక్కెర లేని బ్లాక్ కాఫీ కావాలంటే ‘కోపీ ఓ కోసోంగ్’ అనాలి. మొదటిసారి ఆ మాట సరిగ్గా పలికి కప్పు అందుకున్న రోజు ఈ ఊరు నన్ను కాస్త దగ్గరికి తీసుకున్నట్టనిపించింది. ఇలాంటి మాటలు విన్నప్పుడల్లా విన్నట్టే తెలుగు లిపిలో రాసిపెట్టుకో. ఫోన్‌లో ఫొటోలు తరవాత.

ఆదివారం అలసట లేకపోతే పొద్దున్నే రైల్ కారిడార్ మీద నడువు. మలేషియా రైళ్లు 2011 వరకు తిరిగిన దారి, మొత్తం 24 కిలోమీటర్లు. అంతా ఒక్కరోజే నడవక్కర్లేదు. బుకిత్ తిమా పాత స్టేషన్ దగ్గరి ఇనప వంతెన కింద కాసేపు నిలబడితే చాలు. టికెట్ లేదు.

బస్సు, పడవ, సైకిలు, రెండు పూటల హాకర్ భోజనం కలిపినా బాలీ విమానం టికెట్‌లో చిన్న ముక్కే. బయల్దేరే ముందు చెక్ జావాలో ఆటు ఎప్పుడో చూసుకో, పోటు మీదుంటే నీళ్లే కనబడతాయి. మధ్యాహ్నం వాన పడొచ్చు, గొడుగు మరిచిపోకు. పడవ కోసం కూర్చున్నంతసేపూ పక్కన ఎవరున్నారో, వాళ్ల చేతుల్లో ఏముందో ఒక పేజీ రాసి నాకు పంపు. కథ చెయ్యొద్దు, ఆ పేజీ చాలు.

మీ అక్క