దిగులు ‘దిగు’లోంచి దిగిందా?

సందేహం: రాయదుర్గం పక్క పల్లెల్లో అవ్వాతాతలను 30 ‘అవును/లేదు’ ప్రశ్నల వృద్ధుల డిప్రెషన్ పట్టీ (జీడీఎస్) అడుగుతున్నాం. ‘కుంగుబాటు’ అంటే బిత్తరపోతున్నారు, ‘దిగులుగా ఉందా?’ అంటే తలూపుతున్నారు. మనసు కిందికి దిగడమే దిగులు కదా, వాడొచ్చా?
– ఒక ఆరోగ్య కార్యకర్త

సమాధానం: మీ వ్యుత్పత్తి ముచ్చటగా ఉంది గానీ నిలవదనే నా నమ్మకం. దిగుకు పాత రూపాలు డిగు, డిగ్గు. కావ్యాల్లో రథాలు డిగ్గినవాళ్లే అంతా. ఈ డిగు కన్నడ ‘ఇళి’కి చుట్టం. దిగులుది వేరే ఇల్లు. కన్నడంలో దిగిలు, తమిళంలో తికిల్, పలకడం ‘తిగిల్’. రెండు చోట్లా అర్థం బెదురే. దయ్యాల సినిమాను తమిళులు ‘తిగిల్ పడం’ అంటారు. మీరు బళ్లారి బస్సెక్కి వినండి: బస్సు నుంచి ‘ఇళి’యడం ఒకటి, పామును చూసి ‘దిగిలు’పడడం ఒకటి. తెలుగులో రెండూ ద-కారంతో పక్కపక్కన చేరేసరికి మనకు లేని బంధుత్వం కనబడింది.

తెలుగులో ఆ బెదురు మెత్తబడి విచారమైంది గానీ పూర్తిగా పోలేదు. ‘దిగులుపడొద్దు, నేనున్నా’ అన్నప్పుడు పోగొట్టేది భయమా, బాధా? రెండూ. చిక్కంతా ఇక్కడే. మీ పట్టీలో 8వ ప్రశ్న కీడు జరుగుతుందన్న భయం గురించి, 13వది రేపటి చింత గురించి, 16వది మనసు కుంగడం గురించి. దిగులు మూడింటికీ సరిపోతుంది! కుంగుబాటును సూచించే ఒక్కో జవాబుకు ఒక మార్కు. ఒక్క బెదురుకే మూడు మార్కులు పడితే, 8 రావలసిన అవ్వకు 10 వస్తుంది. 9 దాకా మామూలు, 10 నుంచి డిప్రెషన్ అనుమానం.

కుంగుబాటు మంచి తెలుగే. తిరుగుబాటు, ఎడబాటు లాంటిదే. పత్రికలవాళ్లు దాన్ని వంతెన స్తంభానికీ మనిషికీ ఒకే తూకంలో వాడి అరగదీశారు. ‘వ్యాకులత’ అని అచ్చువేసేవాళ్ల జోలికి నేను పోను. (వానల డిప్రెషన్ వాయుగుండం, బజారుది మాంద్యం.) నామవాచకం ఎక్కని అవ్వకు క్రియ ఎక్కుతుంది: ‘ఈ వారంలో మనసు కుంగినట్టు ఉండిందా?’ అనండి. ‘మనసు’ వదిలేసి ‘బాగలేదా?’ అంటే మోకాళ్ల నొప్పి చెబుతారు. ముసలితనంలో అవి అందరికీ ఉండేవే అని ఆ పట్టీ కట్టినవాళ్లు ఒంటి బాధలను కావాలనే వదిలేశారు. ‘తృప్తిగా ఉందా?’ అన్న ప్రశ్నను ‘తృప్తి లేదా?’ అని తిప్పి అడిగినా చెడుతుంది. ‘ఊఁ’ అంటే ఉన్నట్టా, లేనట్టా? 30లో పదింటికి ‘లేదు’ అంటేనే మార్కు పడుతుంది కాబట్టి అక్కడ పొరబాటు ఖాయం.

8కి ‘భయం’, 13కి ‘చింత’ ఉంచండి. మాట మారితే ఆ 10 అనే గీతను కూడా తెలుగువాళ్ల మీద మళ్లీ సరిచూడాలి. దిగులును వదులుకోలేకపోతే 16కు మాత్రమే వాడండి. ఇంట్లో కన్నడం మాట్లాడే అవ్వ దగ్గర అదీ వద్దనే అంటాను.