ఎర్ర సముద్రం మీదుగా వెళ్ళే ఓడ ఎక్కబోతున్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోర్త్ ఇంజనీరుగా ప్రోడక్ట్ ట్యాంకర్ ఎక్కబోతున్నావనీ, ఆ ఓడ గుజరాత్ రేవుల్లో డీజిల్ నింపుకొని ఎర్ర సముద్రం మీదుగా సూయజ్ వైపు వెళ్తుందనీ, ఆ దారిలో జీతం రెట్టింపు వస్తుందని ఏజెంటు చెప్పాడనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మొదటి రెండు మాటలు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ఇంట్లో నా తరువాత ఇంజిన్ రూమ్ మెట్లు దిగేవాడివి నువ్వే. మూడో మాట విన్న తరువాత మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. వెళ్ళవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఏం తెలుసుకొని వెళ్ళాలో చెప్పడానికి రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు "సరే మామయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నీకు తెలిసిన సంగతులను ఎక్కువ సాగదీయను. ఏజెన్సీకి ప్రభుత్వ నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్పీఎస్ లైసెన్సు, అంటే నావికులను చేర్చుకునే అనుమతి, ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లోనే చూసుకో. ఉద్యోగం కోసం ఎవరికీ ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. శ్రీకాకుళం జిల్లా పిల్లలు దొంగ ఏజెంట్ల చేతిలో లక్షలు పోగొట్టుకున్న కథలు నువ్వూ విన్నవే. కాంట్రాక్టు నకలు ఒకటి మీ అమ్మ దగ్గర ఉంచు.

ఇక రెట్టింపు జీతం సంగతి. ఏజెంటు నీకు సగమే చెప్పాడు. నావికుల సంఘాలూ ఓడల యజమానులూ కలిసి కుదుర్చుకున్న ఐబీఎఫ్ ఒప్పందం కింద, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన నీళ్ళలో ఓడ ఉన్న రోజులకు మూల వేతనానికి సమానమైన బోనస్ ఇస్తారు. మొత్తం జీతానికి కాదు, నీ కాంట్రాక్టు నెలలన్నిటికీ కాదు. ఆ నీళ్ళలో మరణం గానీ అంగవైకల్యం గానీ సంభవిస్తే పరిహారం రెట్టింపు అవుతుంది. వీటన్నిటికన్నా విలువైనది, ఏజెంట్లు నోరెత్తనిది ఇంకొకటి ఉంది. ఆ ప్రాంతంలోకి రానని చెప్పే హక్కు నీకుంది. రానంటే కంపెనీ తన ఖర్చుతో నిన్ను ఇంటికి పంపాలి, ఆ కారణంగా ఉద్యోగం పోకూడదు. అయితే ఓడకు అలాంటి సంఘ ఒప్పందం ఉంటేనే ఈ హక్కులన్నీ కాగితం మీదకు వస్తాయి. కనుక నీ కాంట్రాక్టు ఏ ఒప్పందం కింద ఉందో ముందు అడుగు. ఏజెంటు తడబడితే ఆ ఓడ ఎక్కవద్దు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మంచి కంపెనీయేనా, ఓడ కొత్తదేనా, భోజనం బాగుంటుందా అని అందరూ అడుగుతారు. యుద్ధం జరుగుతున్న సముద్రంలోకి వెళ్ళేవాడు అంతకన్నా ముందు అడగవలసింది, ఈ ఓడ ఎవరిది, దీని వెనుక ఏ పేర్లున్నాయి అని. నీకు ఎవరితోనూ పగ లేదు. కానీ నువ్వు ఎక్కిన ఓడకు యజమాని పగ, అద్దెకు తీసుకున్నవాడి పగ, సరుకు పగ, అది తాకిన రేవు పగ అంటుకొని ఉంటాయి. 2023 నవంబరు 19న యెమెన్ రేవు హోదైదా దగ్గర హెలికాప్టరులో దిగి, గాజా యుద్ధంలో ఇజ్రాయెల్‌కు ఎదురు నిలిచిన యెమెన్ సాయుధ తిరుగుబాటుదారులు హూతీలు పట్టుకున్న గెలాక్సీ లీడర్‌నే చూడు. అది మన దేశానికి వస్తున్న కార్ల ఓడ. జెండా బహామాస్‌ది, నడిపిస్తున్నది జపాన్ కంపెనీ, అందులోని 25 మంది ఫిలిప్పీన్స్, బల్గేరియా, ఉక్రెయిన్ వంటి దేశాలవాళ్ళు. యజమాన్యంలో ఒక ఇజ్రాయెల్ వ్యాపారి పేరు వినబడినందుకు వాళ్ళంతా 2025 జనవరి వరకు, అంటే 14 నెలలు, బందీలుగా గడిపారు. 2024 ఏప్రిల్‌లో హోర్ముజ్ దగ్గర ఇరాన్ పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్ కూడా అలాంటిదే. జెండా పోర్చుగల్‌ది, సిబ్బందిలో 17 మంది మనవాళ్ళు, కారణం యజమాని పేరు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ట్రూ కాన్ఫిడెన్స్. 2024 మార్చి 6న ఏడెన్ సింధుశాఖలో క్షిపణి తగిలి అందులో ముగ్గురు చనిపోయారు. ఎర్ర సముద్రపు దాడులు మొదలయ్యాక వాణిజ్య ఓడల సిబ్బందిలో పోయిన తొలి ప్రాణాలు అవి. అమెరికా ఓడ అని చెప్పి దాన్ని కొట్టారు. అప్పటికే ఆ ఓడ చేతులు మారింది, అమెరికాతో దానికి ఉన్న సంబంధం పాత మాట. అమ్మకం జరిగిన సంగతి క్షిపణి వదిలినవాడికి తెలియదు, తెలిసినా పట్టించుకోలేదు. ఇంకో పద్ధతి కూడా వచ్చింది. ఒక కంపెనీకి చెందిన ఏ ఓడ ఇజ్రాయెల్ రేవుకు వెళ్ళినా ఆ కంపెనీ ఓడలన్నీ గురియే అని హూతీలు 2024లో ప్రకటించారు. అంటే నీ ఓడ ఎక్కడికి వెళ్తుందో తెలుసుకుంటే చాలదు, దాని తోడి ఓడలు ఎక్కడికి వెళ్ళి వచ్చాయో కూడా తెలుసుకోవాలి.

ఈ ఒక్క విషయం మీద ఇంత పట్టు ఎందుకని అనుకుంటావు. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పని కథ ఒకటి ఉంది, చెబుతాను.

1987లో నేను జూనియర్ ఇంజనీరుగా ఒక చిన్న ట్యాంకర్ మీద పర్షియన్ గల్ఫ్‌లో ఉన్నాను. ఇరాన్, ఇరాక్ యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతోంది. ఇరాక్ విమానాలు ఖార్గ్ దీవి నుంచి వచ్చే ఇరాన్ చమురు ఓడలను కొట్టేవి. ఇరాక్‌కు అండగా ఉన్నారని కువైట్, సౌదీ రేవులకు పోయే ఓడలను ఇరాన్ కొట్టేది. ఆ యుద్ధంలో 400కు పైగా వాణిజ్య నౌకలు దాడులకు గురయ్యాయి. మా కెప్టెన్ మంచివాడు, ఓడ నడపడంలో దిట్ట. కానీ ఆయనకు ఒక నమ్మకం గట్టిగా ఉండేది. మన జెండాకు ఎవరితోనూ తగాదా లేదు, మన సరుకు షార్జాకు పోయే మామూలు డీజిల్, మనల్ని ఎవరూ ముట్టుకోరు అనేవాడు. పక్క ఓడలవాళ్ళు బయటి వైపు క్యాబిన్లు ఖాళీ చేసి లోపలి వరండాల్లో పరుపులు వేసుకొని పడుకుంటున్నారని తెలిసినా, మా ఓడలో ఆ ఆదేశం ఇవ్వలేదు. సిబ్బందిని ఊరికే భయపెట్టడం ఎందుకన్నాడు. ఆ మాటలో దయ ఉంది, అందుకే మేమూ ఎదురు చెప్పలేదు.

ఆయన అడగని ప్రశ్న ఒకటుంది. మేము ఎక్కకముందు ఆ ఓడ ఎక్కడ తిరిగింది? పాత సిబ్బంది దిగిపోయారు, మేమంతా కొత్తవాళ్ళం. అంతకుముందు అది కువైట్‌లో సరుకు ఎత్తిందని, ఆ ప్రయాణాల్లో ఇరాన్ గస్తీ పడవలు దాని పేరు రాసుకొని ఉండవచ్చునని, ఆఫీసులో ఎవరికో తెలుసు. కెప్టెన్ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఒక రాత్రి రేడియోలో ఎవరో ఓడ పేరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి అని మర్యాదగా అడిగారు. బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే పై గదిలో, ఉన్నవాళ్ళు అంతే మర్యాదగా చెప్పారు. తెల్లవారుజామున రెండు చిన్న పడవలు వచ్చి రాకెట్లు వేశాయి. ఓడను ముంచాలని కాదు. మనుషులు పడుకునే గదుల వైపే కొట్టాయి. అప్పట్లో ఆ పడవల అలవాటు అదే.

ఇంజిన్ రూమ్‌లో యంత్రాలకు నూనె వేసే మా ఆయిల్‌మ్యాన్ ఒకాయన భీమిలివాడు. అందరం బాబాయి అని పిలిచేవాళ్ళం. పంపు తెరిచి మళ్ళీ ఎలా బిగించాలో, వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, నిద్ర ముంచుకొస్తే ఏ గాలి గొట్టం కింద నిలబడాలో నాకు నేర్పినది ఆయన. రాకెట్ పడింది ఆయన క్యాబిన్ పక్కనే. నేను ఆ వేళ వాచ్‌లో కింద ఉన్నాను. పైకి వచ్చేసరికి వరండా నిండా నల్లటి పొగ. తడి గుడ్డలు ముఖానికి కట్టుకొని ఆయనను మోసుకొచ్చాం. దుబాయి నుంచి టగ్ వచ్చేలోగా ప్రాణం పోయింది. లోపలి వరండాలో పడుకొని ఉంటే బతికేవాడు. ఆ తరువాత భీమిలిలో వాళ్ళింటికి నేనే వెళ్ళాను. మనకు ఎవరితోనూ తగాదా లేదు గదా నాయనా, మా ఆయన్నెందుకు కొట్టారు అని ఆయన భార్య అడిగింది. కెప్టెన్ నమ్మకమే ఆమె నోట ప్రశ్నగా వచ్చింది. నా దగ్గర జవాబు లేదు.

అందుకే కిరణ్, సంతకం పెట్టే ముందు ఓడ ఐఎంఓ నంబరు, అంటే ఓడ గుర్తింపు సంఖ్య, అడిగి తీసుకో. ఏడు అంకెలుంటాయి. పేరు మారినా, జెండా మారినా, యజమాని మారినా ఆ నంబరు మారదు. ఈక్వాసిస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకొని ఆ నంబరు కొడితే యజమాని ఎవరో, నిర్వహించే కంపెనీ ఏదో, పాత పేర్లేమిటో కనిపిస్తాయి. కొన్ని నెలల్లోనే పేరు, జెండా, యజమాని అన్నీ మారిపోయిన పాత ట్యాంకర్ కనబడితే ఇంకేమీ చదవనక్కరలేదు, వద్దని చెప్పు. ఆంక్షలు తప్పించుకొని చమురు మోసే ఓడలు అలాగే ఉంటాయి. సరైన ఇన్సూరెన్సు ఉండదు, ఆపద వస్తే ఇది మాది అని చెప్పేవాడూ ఉండడు.

ఓడ ఎక్కాక నీ స్థానం ఇంజిన్ రూమ్ కనుక నా భయమంతా అక్కడే ఉంది. సోమాలీ సముద్రపు దొంగల కాలంలో సిటడెల్ అనే రక్షణ గదిలోకి వెళ్ళి తలుపులు బిగించుకోవడం మంచి పద్ధతి. 2024 జనవరిలో లీలా నార్ఫోక్ సిబ్బంది అలాగే దాక్కొని, మన నేవీ ఐఎన్ఎస్ చెన్నై వచ్చి విడిపించేదాకా క్షేమంగా ఉన్నారు. చాలా ఓడల్లో ఆ సిటడెల్ ఇంజిన్ రూమ్‌లోనో స్టీరింగ్ గేర్ గదిలోనో, నీటి మట్టానికి కింద ఉంటుంది. ఓడ ఎక్కివచ్చే దొంగకు అది అడ్డు. మనిషి లేకుండా పేలుడు పదార్థంతో దూసుకొచ్చే డ్రోన్ పడవకు అదే గురి. 2024 జూన్ 12న ట్యూటర్ అనే బొగ్గు ఓడ వెనుక భాగాన్ని అలాంటి పడవే కొట్టింది. ఇంజిన్ రూమ్‌లోకి నీళ్ళు వచ్చేశాయి, అక్కడున్న ఫిలిప్పీన్స్ నావికుడు తిరిగి రాలేదు. అందుచేత మీ ఓడలో దొంగలకు ఏ చోటు, క్షిపణికీ డ్రోన్‌కూ ఏ చోటు అని రెండు వేరువేరుగా నిర్ణయించారా అని చీఫ్ ఇంజనీరును అడుగు. రెండోది నీటి మట్టానికి పైన, ఓడ మధ్యలో, బయటి గోడలకు దూరంగా ఉండాలి. ఎర్ర సముద్రం దక్షిణ ద్వారమైన బాబ్ ఎల్ మందెబ్ జలసంధి దాటే గంటల్లో కింద ఎంతమంది తప్పనిసరో అంతమందే ఉండాలి. నీ వంతు వస్తే, అత్యవసర నిచ్చెన ఎక్కడుందో కళ్ళు మూసుకొని చేరుకునేలా ముందే నాలుగైదుసార్లు ఎక్కి దిగు. దాని తలుపుకు ఎవరైనా పెయింటు డబ్బాలు అడ్డం పెడితే తీసిపారేయి, ఎంత పెద్దవాడైనా మొహమాటపడకు. బాయిలర్ సూట్ పూర్తి చేతులది వేసుకో. ఎండని విప్పి తిరగడం నీకు అలవాటని నాకు తెలుసు, ఆ నీళ్ళలో అది కుదరదు.

జీపీఎస్ తప్పుడు చోటు చూపించడం ఇప్పుడు మామూలైంది, అది బ్రిడ్జివాళ్ళు చూసుకుంటారు. వాళ్ళు అకస్మాత్తుగా ఇంజిన్ వేగం మార్చమంటే ప్రశ్నించకుండా ఇవ్వడమే నీ పని.

ఒక విషయంలో నిన్ను కోప్పడాలి. పోయిన ఓడలో ఉన్నప్పుడు రేవు పేరు, బయలుదేరే రోజు, సరుకు ఏమిటో రాసి ఫోటోలు పెట్టావు. మీ అమ్మ గర్వంగా నాకు చూపించింది. ఒరేయ్, అది దండోరా వేయడం కాదా? అవసరమైతే ఓడ ఎక్కడుందో అందరికీ చెప్పే ఏఐఎస్ పరికరాన్ని కూడా ఆపే అధికారం కెప్టెన్‌కు ఉంది. ఆయన దాచినదాన్ని నీ ఫోను చెప్పకూడదు. ఇల్లు గుర్తొస్తే, బెంగ పడితే, రేవు చేరాక నాకు ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

సంధి కుదిరిందనే వార్త వింటే నిశ్చింతపడకు. 2025 మేలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికాకూ హూతీలకూ ఒప్పందం కుదిరింది, ఓడలు మళ్ళీ ఆ దారి పడదామా అని ఆలోచించాయి. జులై మొదటి వారంలో మ్యాజిక్ సీస్, ఆ వెంటనే ఇటర్నిటీ సీ అనే ఓడలు హూతీల దాడుల్లో మునిగాయి. రెండోదానిలో ప్రాణాలు పోయాయి. ఆ సంధిలో ఉన్నది ఆ ఇద్దరే, మిగతా ఓడలు కావు. రాజకీయ నాయకుల మాటకన్నా లండన్‌లో యుద్ధ బీమా రాసేవాళ్ళు చెప్పే ధర నమ్మదగినది. దాడులకు ముందు ఎర్ర సముద్రం దాటడానికి ఓడ విలువలో నూటికి పది పైసలు కూడా ఉండని ప్రీమియం 2024 తొలి నెలల్లో ఒక శాతం దాకా పోయింది. ధర దిగిందో లేదో కెప్టెన్‌కు తెలుస్తుంది, అడుగు. మీ కంపెనీ ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిప్పాలని నిర్ణయిస్తే పది పన్నెండు రోజులు ఎక్కువ పడతాయి, ఇంటికి రావడం ఆలస్యమవుతుంది, బోనస్ ఉండదు. ఆ రోజు సణగకు. ఆ నిర్ణయం తీసుకున్న కంపెనీని విడిచిపెట్టకు.

మీ అమ్మకు మాత్రం ఒక మాట ధైర్యంగా చెప్పాను, అది నిజమైన మాటే. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే నాఫ్తా ట్యాంకర్‌కు క్షిపణి తగిలి మంటలు లేచినప్పుడు అందులో 22 మంది మన పిల్లలున్నారు. సాయానికి వెళ్ళిన యుద్ధనౌకల్లో మనది ఐఎన్ఎస్ విశాఖపట్నం. మన ఊరి పేరు పెట్టుకున్న నౌక నుంచి అగ్నిమాపక దళం దిగింది, ఓడ సిబ్బందితో కలిసి మర్నాటికి మంటలు ఆర్పింది. అందరూ బతికారు. ఆ రోజు ఆ ట్యాంకర్ పిల్లలు పంపులు వదిలిపెట్టి పారిపోలేదు, ముందు నుంచీ డ్రిల్లు శ్రద్ధగా చేసినవాళ్ళే అలా నిలబడగలరు. నువ్వూ అలాంటి పనివాడివేనని నాకు నమ్మకం. ఆరో తరగతిలో మా ఇంటి మోటారు విప్పి, ఒక్క నట్టు మిగలకుండా మళ్ళీ బిగించినవాడివి.

ఏజెంటు సోమవారం కాంట్రాక్టు పంపుతానన్నాడట. రాగానే ఐఎంఓ నంబరూ, సంఘ ఒప్పందం పేరు ఉన్న పేజీ నాకు పంపు. ఇద్దరం కలిసి చూద్దాం. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. చూసిన తరువాత వెళ్ళవచ్చని తేలితే మీ అమ్మను ఒప్పించే పని నాది. తేలకపోతే ఇంకో ఓడ దొరికేదాకా మా ఇంటికి వచ్చి ఉండు, నీ పై పరీక్ష క్లాస్ టూ పుస్తకాలు ఇద్దరం చదువుదాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య,
విశాఖపట్నం