బ్యాంకు కాగితాలు, పారిస్ మార్కులు

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో చిన్న ప్యాకింగ్ వ్యాపారం చేసుకుంటున్నాను. కేవైసీ మళ్లీ ఇవ్వండని బ్యాంకువాళ్లు వెంటపడుతున్నారు, ఎందుకంటే అంతర్జాతీయ రూల్స్ అంటారు. మనీ లాండరింగ్ (అక్రమ డబ్బును సక్రమంగా సంపాదించినట్టు చూపించడం) అరికట్టడంలో మన దేశానికి మంచి మార్కులొచ్చాయని పేపర్లో చదివాను. ఆ మార్కులు ఎవరు వేస్తారు? అసలు దొంగలు దొరుకుతున్నారా, తిప్పలన్నీ మాకేనా?

జవాబు: వేసేది ఎఫ్ఏటీఎఫ్ (ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్) అనే అంతర్జాతీయ సంస్థండీ. 1989లో జీ-7 దేశాలు మొదలుపెట్టాయి, ఆఫీసు పారిస్‌లో ఉంది, మనం 2010లో చేరాం. మిగతా దేశాల అధికారులే వచ్చి మన చట్టాలు, కేసులు, బ్యాంకుల తీరు చూసి మార్కులు వేస్తారు, మనవాళ్లు కూడా ఇంకో దేశానికి వెళ్లి ఇదే పని చేస్తారు. 2023 నవంబరులో మన దగ్గరికి వచ్చి వెళ్లారు, రిపోర్టు 2024 సెప్టెంబరులో బయటికొచ్చింది.

ఈ పరీక్షలో రెండు పేపర్లున్నాయి. మొదటిది చట్టాలు ఉన్నాయా లేదా అన్నది, ఎఫ్ఏటీఎఫ్ చేసిన సిఫారసులు మొత్తం 40. వాటిలో 37 పూర్తిగానో చాలావరకో పాటిస్తున్నామన్నారు, మీరు చదివిన మంచి మార్కులు ఇవే. రెండోది ఆ చట్టాలు పనిచేస్తున్నాయా అన్నది, 11 అంశాలు. ఇక్కడ ఆరింటిలో బాగానే ఉన్నాం, ఐదింటిలో మధ్యస్థం, ఒక్కదాంట్లోనూ పై గ్రేడు రాలేదు. నన్నడిగితే చూడాల్సింది ఈ రెండో పేపరే, ఎందుకంటే చట్టం ఒక్క పార్లమెంటు సమావేశంలో చేసేయొచ్చు, కేసు కోర్టులో నిలబడి శిక్ష పడటానికి మాత్రం ఏళ్లు పడుతుంది. మనీ లాండరింగ్ కేసుల దర్యాప్తు, విచారణల్లో మనకొచ్చింది మధ్యస్థమే. విచారణలు పెండింగులో పడి ఉన్నాయని రిపోర్టులోనే రాశారు. కాబట్టి దొంగలు దొరకడం లేదని అనను, కేసులే తేలడం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనం పాక్షికంగా మాత్రమే పాటిస్తున్నామన్న మూడు సిఫారసుల్లో ఒకటి పదవుల్లో ఉన్నవాళ్ల ఖాతాల మీద ప్రత్యేక నిఘా గురించి. మన నిబంధనలు విదేశీ నాయకుల మీద పెట్టినంత దృష్టి సొంత నాయకుల మీద పెట్టలేదు. ప్యాకింగ్ షాపు నడిపే మిమ్మల్ని ఇన్ని కాగితాలు అడుగుతూ ఇది వదిలేస్తే ఎలా? నాకైతే ఇది చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

ఈ మార్కులు పోతే దెబ్బ మామూలు జనానికే. పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు దాకా గ్రే లిస్టులో, అంటే లోపాలున్నాయని ఎఫ్ఏటీఎఫ్ నిఘాలో పెట్టిన దేశాల జాబితాలో ఉంది, మనవాళ్లు అంతమంది ఉన్న యూఏఈ కూడా 2022 నుంచి 2024 ఫిబ్రవరి దాకా ఉంది. ఒక దేశం పేరు ఆ లిస్టుకెక్కితే అక్కడి నుంచి వచ్చే డబ్బు గురించి బయటి బ్యాంకులు ఒకటికి రెండు ప్రశ్నలు అడుగుతాయి.

మీ పని సంగతికొస్తే, రిస్కును బట్టి నడవమన్నది ఆ సిఫారసుల్లో మొట్టమొదటిది. రిజర్వ్ బ్యాంకు లెక్క ప్రకారం రిస్కు ఎక్కువున్న ఖాతాలకు 2 ఏళ్లకు, మధ్యస్థమైతే 8 ఏళ్లకు, తక్కువైతే 10 ఏళ్లకు కేవైసీ అడగాలి. మీ వివరాలేమీ మారకపోతే, ఇచ్చిన కాగితాలు ఇంకా చెల్లుతుంటే, మారలేదని సొంతంగా రాసిస్తే చాలు. మిమ్మల్ని ఏ రిస్కులో పెట్టారో తెలియకుండా ఊరికే తిరగకండి, మీరు ఇవ్వాల్సిందేమిటో రాసిమ్మని అడగండి.

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో చదువుకుంటున్న మా అబ్బాయిని ఎవరో "నీ అకౌంట్ వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అంటున్నారట. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దమ్మా, అస్సలు వద్దు. మోసపోయినవాళ్ల డబ్బు దాటించడానికే ఇలాంటి ఖాతాలు వెతుకుతారు. వీటిని పట్టుకోవడానికే రిజర్వ్ బ్యాంకుకు చెందిన బెంగళూరు ఇన్నోవేషన్ హబ్ 'మ్యూల్ హంటర్' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. ఖాతా ఎవరి పేరున ఉంటే పోలీసులు ముందు వాళ్ల దగ్గరికే వస్తారు, తెలిసే ఇచ్చాడని తేలితే మనీ లాండరింగ్ చట్టం కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఒకవేళ ఇప్పటికే కార్డో పాస్‌వర్డో ఇచ్చేసి ఉంటే ఈరోజే బ్యాంకుకు వెళ్లి ఖాతా ఆపించండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి విషయం చెప్పండి.